దిక్కులేని కేబుల్ కొస

ఆగస్టు 2, ఆదివారం

ఈ చిట్టా తెరిచినవాడా, తెరిచినదానా, ముందు నాకొక సంగతి చెప్పు. నీకు పని వచ్చని నీకు నువ్వే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లుతుందా?

చెల్లుతుందని ఇరవై రెండేళ్ళుగా ప్రకటిస్తున్నాను. నా పేరు పెదపాటి హెప్సిబా. సముద్రం మీద బల్లకట్ల ఇళ్ళతో తేలే తెప్పలూరులో ఆదివారం వాక్యం చెబుతాను, మిగతా ఆరు రోజులూ నెట్ గదిలో కేబుళ్ళు లాగుతాను. నన్ను పాస్టరుగా ఎవరూ అభిషేకించలేదు. ఇంజనీరుగా ఎవరూ పట్టా ఇవ్వలేదు. రెండు పనులూ పారేసిన పుస్తకాలు ఏరుకుని చదివి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. చేపలు పట్టేవాళ్ళను శిష్యులుగా పిలిచినవాడు వాళ్ళను సర్టిఫికెట్లు అడిగాడా అని ప్రసంగ బల్ల గుద్ది అడిగినదాన్ని.

ఇన్నాళ్ళూ ఈ చిట్టా వీరరాఘవులు మాస్టారు రాశారు. ఊరి మొత్తానికి పట్టా ఉన్న చెయ్యి ఆయనదొక్కటే. చూపు పోతోంది కనక ఇక నన్ను రాయమన్నారు.

ఆరాధన అయ్యాక ఇద్దరం నెట్ గదికి వెళ్ళాం. సర్వర్ ర్యాక్ తలుపు మీద ఆయన అరచెయ్యి ఆనించారు. తలుపు తెరుచుకుంది గానీ, ఎప్పుడూ పచ్చగా వచ్చే అక్షరాలు ఇవాళ పసుపుపచ్చగా వచ్చాయి.

"ఏమంటోంది?" అన్నారు.

"పట్టా గడువు ఇరవై తొమ్మిది రోజులంటోంది, మాస్టారూ."

"ఆ తర్వాత ఈ తలుపు నా చేతిని గుర్తుపట్టదన్నమాట. మా ఆవిడా ఆఖర్న నన్ను గుర్తుపట్టలేదు. ఇది నయం, ముందే చెబుతోంది."

నాకు నవ్వు రాలేదు. మా తాతల నాటి పెద్ద తెగుడులో, నెట్ అంతా తెగిపోయినప్పుడు, పని రాని చేతులు సర్వర్ల మీద పడి మూడు ఊళ్ళు దాహంతో ఖాళీ అయ్యాయి. అప్పటినుంచి ప్రతి ర్యాక్ తలుపుకూ ఈ కాపలా పెట్టారు. మూడేళ్ళకోసారి పరీక్ష రాసి నెగ్గినవాళ్ళ చేతికే తెరుచుకుంటుంది. మాస్టారు చూపులేక మళ్ళీ రాయలేరు. రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎందుకు లేరు? పట్టా కాగితం, ఆత్మ నేర్పేదే విద్య అని వాళ్ళకు నేనే చెప్పాను కనక.

అంతలో మస్తానమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. సముద్రపు నీళ్ళను జల్లెళ్ళతో వడకట్టే మంచినీళ్ళ మిషను చూసేది ఆవిడే.

"అక్కా, తాగు."

"దాహం లేదే."

"దాహానిక్కాదు, తాగి చూడు."

నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.

"పొద్దున జల్లెళ్ళు కడుక్కోమని మీ సర్వరు చెప్పలా. శుక్కురారం కూడా చెప్పలా. నా మిషను చెప్పిన మాట వింటది గానీ, మాటే రాపోతే ఏం వింటది?"

సర్వర్ చెప్పింది. పొద్దునా సాయంత్రమూ చెప్పేదే, ఇవాళా ఆరు గంటలకు చెప్పినట్టు దాని లెక్కలో ఉంది. ఊళ్ళో అన్ని ఇళ్ళూ నెట్ పెట్టెలు వేసుకునే వేళకు నెట్ ఊపిరాడక కొట్టుకుంటోంది, మాట దారిలోనే చచ్చిపోతోంది. ఎందుకో తెలియదు.

"పరీక్ష పడవ పద్దెనిమిదిన వస్తుంది," అన్నారు మాస్టారు. "నువ్వు రాయి."

"నేనా? నాకు పరీక్ష పెట్టేవాడెవడు మాస్టారూ?"

"బంగారాన్ని నిప్పులో వెయ్యందే బంగారం అనకూడదని మొన్నటి ఆదివారం ఎవరో అరుస్తుంటే నా బల్లకట్టు దాకా వినబడింది. నువ్వు కాదూ?"

దేవుణ్ణి నమ్మని మనిషి. నా వాక్యం మాత్రం ఒక్కటీ మరిచిపోడు.

ఆగస్టు 6, గురువారం

పరీక్ష పుస్తకం ఆదివారం రాత్రే తెరిచాను. ఒళ్ళు మండింది. నేను చెయ్యలేని పని అందులో ఒక్కటీ లేదు. నాకు తెలిసిన పేరు కూడా ఒక్కటీ లేదు. ఇంట్లో అందరి కేబుళ్ళూ వచ్చి కలిసే పెట్టెను నేను 'కూడలి' అంటాను, పుస్తకం స్విచ్ అంటుంది. ఒకటి ఆగితే రెండోది అందుకునే సర్వర్ల జతను నేను 'జంట గుండె' అంటే, అది ఇంకేదో అంటుంది.

"నా పేర్లకేం తక్కువ?" అన్నాను మాస్టారితో.

"తక్కువేం లేదు. రేపు నువ్వు పోతే ఆ పేర్లు నీతోటే పోతాయి. అంతే."

మూడు రోజులు ఆ మాట మింగుడుపడలేదు. నాలుగో రోజు పొద్దున గ్రంథం తెరిస్తే మొదటి మనిషి కథ దగ్గర పేజీ తెరుచుకుంది. తోటలో అతనికి అప్పగించిన మొదటి పని ఏమిటి? దున్నడం కాదు, కట్టడం కాదు. జంతువులకు పేర్లు పెట్టడం. పక్కవాడు కూడా అదే పేరుతో పిలవగలిగినప్పుడు కదా అది పేరవుతుంది! ఒక్కత్తే పిలుచుకునేది ముద్దుపేరు.

ముద్దుపేర్లు పక్కన పెట్టి బడిపిల్లలా వల్లె వేస్తున్నాను.

ఆగస్టు 12, బుధవారం

ఈ వారంలో మూడుసార్లు మాట అందలేదు. మస్తానమ్మ ఐదుగురు ఆడవాళ్ళను తీసుకుని మిషను తొట్టిలోకి దిగి జల్లెళ్ళు చేత్తో కడిగింది. ఉప్పు పట్టి వాళ్ళ గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఇలా మూడు వందల పన్నెండు ఇళ్ళకు ఎన్నాళ్ళు కడుగుతారు?

నా రోజువారీ తిరుగుడు ఆపలేదు. ఇవాళ పడమటి వరసలో నలభై బల్లకట్లు చూశాను. దోనేపూడి వాళ్ళింట్లో ఒక కేబుల్ కొస గోడ మీంచి వేలాడుతోంది. వాళ్ళమ్మాయి నన్ను చూడగానే నాలిక కరుచుకుని, "అయ్యో అత్తా, మర్చిపోయా!" అని పరుగెత్తి దాన్ని పెట్టెలో ఖాళీగా ఉన్న కన్నంలో గుచ్చింది. దాని తల నిమిరి వచ్చాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. అది తెప్పలూరు ఆచారం. సముద్రం మీద ఊరు కదా, నోరు తెరుచుకున్న కొస నెల తిరక్కుండా ఉప్పు తిని చిలుము పడుతుంది. నేను వచ్చిన కొత్తలో ఒక ఆదివారం దాని మీదే ప్రసంగం చేశాను. తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి తప్పిపోయిన ఒక్కదానికోసం వెళ్ళిన కాపరి సంగతి చెప్పి, దిక్కులేకుండా వేలాడే ప్రతి కొసనూ ఇల్లు చేర్చండి అన్నాను. జనం ఏడ్చారు. ఆ రోజు నుంచి ఈ ఊళ్ళో వేలాడే కొస కనబడితే పసిపిల్లలు కూడా ఊరుకోరు.

ఇరవై రెండేళ్ళలో నా ప్రసంగాల్లో జనం నిజంగా పాటించింది అదొక్కటే.

ఆగస్టు 18, మంగళవారం

తప్పాను.

ఆగస్టు 19, బుధవారం

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ రాస్తాను. చిట్టాలో దాచినది పాపం కిందే లెక్క.

పరీక్ష పడవ తెల్లారేసరికి వచ్చి కట్టింది. పరీక్షాధికారి పేరు యామిని. ముప్పై ఏళ్ళుంటాయేమో, జుట్టు కురచగా కత్తిరించుకుంది. మర్యాద తెలిసిన మనిషి, నవ్వు తెలియని మనిషి అనుకున్నాను. రాతపరీక్షలో నూటికి ఎనభై తొమ్మిది. ఇంటికి బయల్దేరుతూ మాస్టారు నా భుజం మీద తట్టబోయి గోడ మీద తట్టారు.

తర్వాత చేతిపని. పడవలో ఒక గది, రెండు సర్వర్లు, నాలుగు స్విచ్‌లు. ఒక సర్వర్ పడిపోతే రెండోది పని అందుకునేలా కట్టాలి. గంటన్నర ఇచ్చారు. నలభై నిమిషాల్లో కట్టేశాను. యామిని ఒక సర్వర్ తీగ పీకేసింది. రెండోది రెప్పపాటులో అందుకుంది. లోపల స్తోత్రం చెప్పుకున్నాను.

"ఇంకేమైనా చేస్తారా హెప్సిబా గారూ? చాలా సమయం ఉంది."

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాను.

ఎందుకంటే నాకు అది కనబడింది. మూడో స్విచ్ వెనక నుంచి ఒక కేబుల్ కొస వేలాడుతోంది. రెండో కొస స్విచ్‌లోనే ఉంది. ఇది మాత్రం దిక్కులేకుండా ఉంది. ఇరవై రెండేళ్ళ చెయ్యి. నేను ఆలోచించేలోపే వెళ్ళి, దాన్ని అదే స్విచ్‌లో ఖాళీ కన్నంలో గుచ్చింది.

దీపాలన్నీ ఒక్కసారిగా మెరవడం మొదలెట్టాయి. నాలుగు స్విచ్‌ల మీదా ఒకటే మెరుపు, పిచ్చెత్తినట్టు. సర్వర్లు రెండూ మూగబోయాయి.

"ఆ కొస ఎందుకు పెట్టారు?" అంది యామిని.

"దిక్కులేకుండా ఉందని."

ఆమె నా మొహంలోకి చూసింది. అప్పుడు కూడా నవ్వలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉంటాను.

"మీరు తప్పారు. కానీ తప్పు ఎందుకు జరిగిందో మూలం దాకా రాసిస్తే, తిరుగు ప్రయాణంలో ఇంకోసారి కూర్చోవచ్చు. ఇరవై ఏడున వస్తాం. మళ్ళీ తప్పితే వచ్చే ఏడాదే."

ముప్పై ఒకటితో మాస్టారి చెయ్యి చచ్చిపోతుంది. వచ్చే ఏడాదికి తెప్పలూరులో తాగేది సముద్రమే.

నేరుగా మాస్టారి బల్లకట్టు మీదికి వెళ్ళాను. "మీరు నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"ఏం చెప్పలేదు?"

జరిగింది చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది.

"అమ్మాయ్, రెండు కొసలూ ఒకే పెట్టెలోనా?"

"అవును."

"ఊళ్ళో కూడా ఇలాగే గుచ్చుతున్నారా?"

"ఇరవై రెండేళ్ళుగా. నా ప్రసంగాలు మీ బల్లకట్టు దాకా వినబడతాయన్నారుగా?"

"వినబడ్డది గొర్రెల సంగతి. కేబుళ్ళ సంగతి దాకా వినే ఓపిక నాకెక్కడిది!"

అప్పుడు విడమరిచి చెప్పారు. స్విచ్ ఒక వాగుడుకాయ లాంటిది. ఊరందరికీ చెప్పాల్సిన మాట ఒక కన్నంలోంచి వస్తే, మిగతా కన్నాలన్నిటికీ చాటుతుంది. ఒక కన్నంలోంచి పోయిన మాట చుట్టూ తిరిగి ఇంకో కన్నంలోంచి దానికే వస్తే? కొత్త మాటనుకుని మళ్ళీ చాటుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ చాటుతుంది. రేవులో పుట్టిన పుకారు ఊరు చుట్టి, పుట్టించినవాడి చెవిలోనే పడి, వాడే నిజమనుకుని మళ్ళీ మోసినట్టు. ఆ గోలలో జల్లెడ కడుక్కోమన్న చిన్న మాట ఎవరికి వినబడుతుంది?

"మరి ఇరవై ఏళ్ళుగా లేనిది ఇప్పుడెందుకొచ్చింది?"

"పాత పెట్టెలు తెలివైనవి. ఇలా చుట్టు కనబడితే ఆ కన్నం అవే మూసేసేవి. నీ తప్పును అవి కాచాయి. రెండేళ్ళ నుంచి అవి ఒక్కొక్కటే పోతున్నాయా, వాటి చోట మనం సంతలో దొరికిన మూగ పెట్టెలు పెడుతున్నాం. ఇవి గోల తగ్గిస్తాయి గానీ ఆపలేవు." మళ్ళీ ఆయనే, "నేను కేబుళ్ళు చూసి ఎన్నాళ్ళైందో. చూపున్నన్నాళ్ళూ తలుపు తెరిచానే గానీ గడప దాటి ఇళ్ళలోకి వెళ్ళలేదు. ఇందులో సగం నాది," అన్నారు.

మూలం దొరికింది. అది స్విచ్‌లో లేదు. నా ప్రసంగ బల్ల మీద ఉంది.

ఆగస్టు 23, ఆదివారం

వాక్యం చెప్పడానికి లేచాను. గ్రంథం తెరవలేదు.

"సంఘమా," అన్నాను, "ఇరవై రెండేళ్ళ కింద నేను మీకొక మాట చెప్పాను. అది వినడానికి బాగుంది. దాన్ని ఎవరూ పరీక్షించలేదు. నేనూ పరీక్షించలేదు. ఆ మాటే ఇవాళ మీ నీళ్ళలో ఉప్పై కూచుంది."

మొత్తం చెప్పాను. పరీక్షలో తప్పానని కూడా చెప్పాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మస్తానమ్మ లేచింది. ఆవిడ మా సంఘం కాదు, నీళ్ళ కబురు తెలుసుకుందామని గుమ్మంలో కూచుంది.

"అంటే నా వేళ్ళు పగిలింది నీ గొర్రెపిల్ల వల్లనా అక్కా?"

"అవునే."

"ఇరవై ఏళ్ళు గుచ్చించావు. ఇప్పుడు పీకమంటావు. రేపింకోటి చెబితే?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వాక్యం లేదు. ఒక్క జవాబే ఉంది. "ఇకనుంచి నేను చెప్పానని చెయ్యొద్దు. ఒక ఇంట్లో చేసి చూసి, పని చేస్తేనే రెండో ఇంటికి వెళ్దాం. ముందు మా ఇల్లు."

"పీకితే ఉప్పు తినవా మరి?" అని దోనేపూడి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఆచారం ఊరికే పుట్టలేదు, ఉప్పుకి భయపడి పుట్టింది. ఆ భయానికి మందు లేకుండా పీకమంటే రేపు మళ్ళీ గుచ్చుతారు.

మందు మస్తానమ్మే చెప్పింది. సైకిల్ ట్యూబు ముక్క కొసకు తొడిగి దారంతో బిగించమంది. మిషను గొట్టాలకు ఆవిడ చేసేది అదేనట. మేం మా ఇంట్లో చేసి చూశాం. పెట్టె మీద పిచ్చి మెరుపు తగ్గింది. పక్కిల్లు. ఆ పక్కిల్లు. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా కత్తెరలతో దిగింది. పిల్లలు ట్యూబులు కోస్తుంటే ముసలివాళ్ళు దారాలు కట్టారు. గుచ్చింది ఎవరో, ఎప్పుడో చెప్పుకుంటూ ఒకరినొకరు ఏడిపించుకున్నారు. ఏ కొస ఎటు నుంచి వచ్చిందో ఒక్కోదానికీ చీటీ కట్టించాను. అది పుస్తకంలో ఉంది. ఇన్నాళ్ళూ నాకు అన్నీ గుర్తే కదా అని ఎప్పుడూ కట్టలేదు.

నూట నలభై ఏడు కొసలు.

సాయంత్రం ఆరింటికి అందరం మిషను దగ్గర నిలబడ్డాం. ఆరు కొట్టింది. గొట్టాల్లో గరగరమని చప్పుడు. జల్లెళ్ళు వాటంతట అవే కడుక్కోవడం మొదలెట్టాయి.

మస్తానమ్మ పగిలిన వేళ్ళు చూసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అంది: "రేపు పొద్దున కూడా కడిగితే అప్పుడు నమ్ముతా."

అదే సరైన విశ్వాసం. సోమవారం ఈ వరస చేర్చాను: పొద్దున కూడా కడిగింది.

ఆగస్టు 27, గురువారం

మళ్ళీ అదే గది, అవే స్విచ్‌లు. నేను రాసిచ్చిన నాలుగు పేజీలు యామిని ముందున్నాయి. మొదటి పేజీ మొదటి వరుస: "తప్పు ఒక ఆదివారం ప్రసంగంలో మొదలైంది." ఆమె దాని కింద గీత గీసింది.

ఈసారి గంటా పది నిమిషాలు తీసుకున్నాను. ఏం చెయ్యబోతున్నానో ముందు కాగితం మీద రాశాను. చెడితే వెనక్కి ఎలా వస్తానో రాశాను. అప్పుడే చెయ్యి పెట్టాను. కట్టడం అయ్యింది. సర్వర్లు ఒకదాని పని ఒకటి అందుకున్నాయి.

మూడో స్విచ్ వెనక కొస వేలాడుతూనే ఉంది. యామిని కావాలనే వదిలింది, తెలుసు. నా చెయ్యి తనంతట తనే లేచింది. నిజం రాస్తున్నాను, లేచింది. జేబులోకి పోయింది. ట్యూబు ముక్క తీసి కొసకు తొడిగాను, దారంతో బిగించాను, చీటీ కట్టాను.

"ఇదేమిటి?" అంది యామిని.

"మా ఊరి పద్ధతి తల్లీ. పరీక్షించి చూశాం."

అప్పుడు నవ్వింది ఆ పిల్ల.

మధ్యాహ్నం నెట్ గదిలో ర్యాక్ తలుపు మీద నా అరచెయ్యి ఆనించాను. చెమట పట్టిన చెయ్యి. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత తెరుచుకుంది. పచ్చ అక్షరాలు.

"ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"పెదపాటి హెప్సిబా, వెయ్యీ తొంభై ఆరు రోజులు అంటోంది."

ఆయన తడుముకుంటూ వచ్చి తన చెయ్యి నా చేతి మీద పెట్టారు. "ఇంకో నాలుగు రోజులు నాది కూడా చెల్లుతుంది," అన్నారు. "ఇద్దరం ఉన్న ఊరన్నమాట. నలభై ఏళ్ళలో ఈ నాలుగు రోజులే."

ఆగస్టు 28, శుక్రవారం, పొద్దున ఎనిమిది

తెల్లారేదాకా మేలుకుని, ఆయన మాట లెక్క వేశాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఒక్క చెయ్యే. ఆయనది పోయి నాది. నాకు యాభై మూడేళ్ళు. నా చెయ్యి విరిగినా, నాకు జ్వరమొచ్చినా, నా బుర్రలో ఇంకో అందమైన అబద్ధం పుట్టినా, చూసి కాదనేవాళ్ళు ఎవరు?

నలుగురి చేతులు కావాలి. ఈ మాట కూడా పరీక్షించుకున్నాను. యామినిని అడిగాను. వచ్చే ఏడు పరీక్షకు కూర్చునేవాళ్ళు ఇప్పుడే పేరు రాయించాలి. అప్పుడే పుస్తకాలు, సాధన పెట్టెలు ఇక్కడ వదిలి వెళతారు. పేరు లేకపోతే పెట్టెలు పడవతోనే పోతాయి. పడవ ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి, పోటు దిగి ఆటు మొదలవగానే విప్పుతారు.

మొదటి పేరు పడింది: షేక్ మస్తానమ్మ. "నీ మీద ఓ కన్నేసి ఉంచాలిగా అక్కా," అంటూ వేలిముద్ర వెయ్యబోయి, ఆగి, సంతకం పెట్టింది. రెండో పేరు దోనేపూడి అమ్మాయి, కెజియా. ఇంకా రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.

ఈ చిట్టా నెట్ గది గుమ్మానికి తాడుతో కట్టాను. అందుకే నువ్వు చదవగలుగుతున్నావు. పట్టా చదువు లేదంటావా? నాకూ లేదు. వయసైపోయిందంటావా? నన్ను చూడు. నీకు పని వచ్చు, పరీక్ష ఎందుకంటావా? నేనూ అదే అన్నాను, మొదటి పేజీ మళ్ళీ చదువు. గ్రంథంలో కథ ఉంది: పెళ్ళికొడుకు వచ్చే వేళకు దీపాల్లో నూనె లేక సంతకు పరుగెత్తిన కన్నెలకు పెళ్ళింటి తలుపు మూసుకుంది. మన నీళ్ళ తలుపూ అలాగే మూసుకోబోయింది, నాలుగు రోజుల తేడాలో తప్పింది.

కలం పక్కనే ఉంది, దారంతో కట్టాను. రేపు చూద్దాం అనకు, రేపటికి పడవ ఉండదు. ఇంటికెళ్ళి అడిగి వస్తాననకు. ఎనిమిదిన్నర అయ్యింది. చేతికి చేపల జిగురు ఉంటే ఉండనీ. ఆ రెండు గీతల్లో ఒకదాని మీద నీ పేరు రాయి. ఇవాళే, పన్నెండు కొట్టకముందే రాయి!